ఏడో తలుపు

ఇసుకరాజు దగ్గుతూ షెడ్డులోంచి బయటికొచ్చేసరికి, ఒక పెద్దాయన తోపుడుబండి మీద కారు తలుపు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

పాత కార్ల రేకుల మీద గాలితో ఇసుక కొట్టి రంగు ఊడగొట్టడం అతని పని. అందుకే అందరూ పెట్టిన పేరది.

ఆ దుమ్ముకి పట్టుకున్న దగ్గు ఆర్నెల్లయినా వదలడం లేదు. గాలి గొట్టం తగిలించిన ముసుగు ఒకటి కొన్నాడు గానీ, ఉక్కపోస్తుందని మూలన పడేశాడు. మూతికి తువ్వాలు చుట్టుకుని పని కానిచ్చేసేవాడు. ఊపిరితిత్తులు పాడైపోతాయని భార్య నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేవాడు కాదు.

పెద్దాయన తలుపు దించి, షెడ్డు మూలనున్న ముసుగు చూపిస్తూ ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"ఆ ముసుగేసుకునే కొట్టాలి బాబూ. రంగు పోయిన రేకుకి మనిషి ఊపిరి తగిలిందంటే తుప్పు పట్టేస్తుంది."

"ఇన్నేళ్ళ నుంచీ కొడుతున్నానండీ, ఇలాంటిది ఎప్పుడూ వినలేదు."

"నా తలుపు, నా ఇష్టం."

చాదస్తం ముదిరిందనుకుంటూ ఇసుకరాజు ముసుగు తగిలించుకున్నాడు. పెద్దాయన బయట షెడ్డు కిటికీ అద్దంలోంచి కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో ముసుగు ఎత్తబోతే చాలు, చేతికర్రతో అద్దం మీద టకటకా కొట్టేవాడు.

పై వారం ఇంకో తలుపు తెచ్చాడు. ఆ పై వారం ఇంకోటి.

ముసుగు మెల్లగా అలవాటైపోయింది. వేరేవాళ్ళ రేకులు కొట్టేటప్పుడు కూడా తీయబుద్ధి కాలేదు. దగ్గు తగ్గుముఖం పట్టింది. తనిస్తున్న మందు పనిచేసిందని భార్య మురిసిపోయింది.

ఐదో తలుపు చూసి ఇసుకరాజు నవ్వాపుకోలేకపోయాడు.

"కారుకి నాలుగే కదండీ తలుపులు?"

"నీకెందుకోయ్, కొట్టు."

ఏడో తలుపు తెచ్చిన రోజు ఒంట్లో బాగాలేదని పెద్దాయన కూర్చోలేదు. తను లేకపోయినా ముసుగు తియ్యొద్దని మాత్రం రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

మూడు వారాలైనా మళ్ళీ రాలేదు. తలుపేమో షెడ్డులో కాళ్ళకి అడ్డం పడుతోంది. నాలుగు మాటలు అడిగి రావాలనే ఇసుకరాజు దాన్ని భుజానికెత్తుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

గుమ్మంలోకొచ్చిన ముసలావిడ ఆ రేకుని చూసి పక్కకి తప్పుకుంది.

"ఆయన పోయి పది రోజులైంది బాబూ."

ఇసుకరాజు భుజం మీది తలుపుని సర్దుకున్నాడు. కారు ఎక్కడుందో చెబితే తలుపు అక్కడే పెట్టేస్తానన్నాడు.

"మాకు కారెక్కడిది?"

ఆవిడ వెంట పెరట్లోకి వెళ్ళి చూస్తే, గోడకి ఆరు తలుపులు ఆనించి ఉన్నాయి. ఏ రెండూ ఒక కారువి కావు. ఒక్కదానికీ రంగు వెయ్యలేదు. అన్నీ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. పాత ఇనుము కొట్లో ఏరుకొచ్చేవాడట.

"దారిన పోతుంటే నీ దగ్గు వినిపించిందట. ఇప్పుడెలా ఉంది?"

ఇసుకరాజు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. దగ్గు రాలేదు. రెండు చేతులూ జోడించాడు.

"ఆయన పుణ్యమా అని తగ్గిపోయిందమ్మా. కన్నతండ్రి కూడా ఇంత చెయ్యడు."

ఆవిడ ఏడో తలుపుని మిగతావాటి పక్కన చేర్చి, కొంగుతో దుమ్ము తుడిచింది.

"పోయిన మా అబ్బాయి కూడా నీలాగే మూతికి తువ్వాలు చుట్టుకుని ఇసుక కొట్టేవాడు బాబూ."