ఒక్క మనిషిని చూపించండి

“లోపలికి రండి డాక్టరమ్మా, కిటికీ బయట నిలబడి మాట్లాడటమేమిటి?” అన్నాడు ఆరోగ్యాధికారి, మూడోసారి.

పశువుల డాక్టరమ్మ కదల్లేదు. మాస్కు ముక్కు మీదికి బిగించుకుని, వరండా చివర నిలబడింది. కుర్చీ వద్దంది, టీ వద్దంది. మూడు రోజులుగా ఫోను ఎత్తనందుకు అలిగిందని అధికారి తీర్మానించుకున్నాడు. కళ్ళు కూడా చింతనిప్పుల్లా ఉన్నాయి. ఉంటే ఉండనీ అనుకుని, టీ కప్పును పొద్దున వచ్చిన కవరు మీద పెట్టాడు. వచ్చిన కాగితాలకు నంబర్లు వేసే ఇన్‌వర్డు గుమాస్తా సెలవులో ఉన్నాడు. నంబరు పడని కవరును ఆ ఆఫీసులో ఎవరూ విప్పరు. బల్లకు మరకలు పడకుండా మాత్రం అది పనికొచ్చింది.

డాక్టరమ్మ అడిగేది ఒక్క సంతకం. కోళ్ళఫారంలో పదిహేడుమంది కూలీలు నాలుగు రోజులుగా చచ్చిన కోళ్ళను ఎత్తిపోస్తున్నారు. చేతులకు తొడుగులొచ్చాయి గానీ, కళ్ళకు అద్దాలు ఇంకా కొటేషన్ల దగ్గరే ఉన్నాయి. వాళ్ళకు పరీక్షలు చేయాలి, మందు ఇవాళే మొదలుపెట్టాలి. ఆ మందేమో ఈయన స్టోరులో తాళం వేసుకుని కూర్చుంది.

“కోళ్ళ జబ్బుకు నా సంతకం దేనికమ్మా? కోళ్ళు మీవి కదా.”

“కోళ్ళతో ఆగలేదు సార్. చచ్చిన కోడిని తిని పిల్లి పోయింది. పక్క షెడ్డులో ఆవుల పాలు చిక్కబడి పచ్చగా వస్తున్నాయి.”

అధికారి వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. ఆవు పాడిశాఖది. పిల్లి ఎవరిదో తేల్చడానికి కమిటీ వేశారు, అది ఇంకా కూర్చోలేదు. వైరస్ గోడలు దూకుతూనే ఉంది, ఫైలే గుమ్మం దాటడం లేదు.

పక్షుల జబ్బు మనిషికి అంటదని శిక్షణలో తనకు చెప్పారని కూడా గుర్తుచేశాడు.

“అంత తేలిగ్గా అంటదు సార్. ఈ వైరస్ తాళంచెవి పక్షి ఒంట్లోని తాళానికి చేసింది. మన ముక్కులో, గొంతులో ఉన్న తాళాలు చాలావరకు వేరు. కానీ కంటిపొరలో, ఊపిరితిత్తుల అడుగున పక్షి తాళంలాంటివే ఉన్నాయి. అక్కడ దూరిందంటే నకళ్ళు తీసుకుంటూ పోతుంది, నకళ్ళలో తప్పులూ చేస్తుంది. అలాంటి తప్పు ఏదో ఒకటి మన గొంతు తాళానికి సరిపోయిందనుకోండి, ఇక ఒకరి నుంచి ఒకరికి.”

“నకళ్ళలో తప్పులు మా గుమాస్తా రోజూ చేస్తాడు. ఏ కొంపలూ మునగలేదు.”

ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. అధికారికి నిజంగానే జాలి వేసింది. ఆయనకూ ఇంత వయసు చెల్లెలుంది. లేచి కిటికీలోంచి తన చేతిరుమాలు చాచాడు. ఆమె ఇంకో రెండడుగులు వెనక్కి జరిగింది. ఇంత పొగరు పనికిరాదనుకుంటూ ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“రూలు నేను రాయలేదమ్మా. మాది మనుషుల శాఖ. జబ్బు సోకిన ఒక్క మనిషిని చూపించండి, ఈ నిమిషంలో సంతకం పెడతాను.”

“మాట మీదుంటారా?”

“ఉంటాను.”

“మీ కప్పు కింద కవరు విప్పండి. పొద్దున ల్యాబువాళ్ళు నాకు ఫోన్లో చెప్పారు.”

సర్వీసులో మొదటిసారి ఆయన నంబరు లేని కవరు విప్పాడు. నమూనా మనిషిది. అందులో ఉన్నది పక్షుల వైరసే. పేరు గడిలో అంకె తప్ప ఏమీ లేదు. ఆ కూలీ ఎవరో పాపం అనుకుంటూ మందుల కాగితం మీద సంతకం గీకి, స్టోరు తాళాలు బల్ల మీద పెట్టాడు. రిజిస్టరులో వివరాలు ఎక్కించుకుందామని కళ్ళజోడు సవరించుకుని కింది గడి చదివాడు.

వృత్తి: పశువుల డాక్టరు.