ఉడుతల వకీలు

కత్తిరించడానికి పరిచిన చొక్కా గుడ్డ మీద చచ్చిన ఉడుత పడి ఉంది.

పక్కనే పిల్లి, తనను మెచ్చుకుంటారేమోనని ఎదురుచూస్తూ కూర్చుంది.

"అమ్మా, దొరసాని ఇంకోటి తెచ్చింది," అంది పాప కళ్ళు గట్టిగా మూసుకుని.

టైలరమ్మ నిట్టూర్చి ఉడుతను కాగితంలో చుట్టింది. ఈ వారంలో ఇది మూడోది. మొన్న పిచ్చుక, అంతకుముందు తొండపిల్ల.

రెండేళ్ళ క్రితం ఒక వానరోజున ఆ పిల్లి దానంతటదే వచ్చి కుట్టుమిషను కింద పడుకుంది. మళ్ళీ పోలేదు. తండ్రి పోయాక మాటలు మానేసిన పాప, తిరిగి మొట్టమొదట మాట్లాడింది దానితోనే. అందుకే అది ఏం చేసినా ఆ ఇంట్లో చెల్లుతుంది.

పెరట్లోకి వెళ్ళేసరికి మేడగది పెద్దాయన మెట్లు దిగుతున్నాడు. గడియారాలు బాగుచేస్తాడు. అద్దెకు దిగి మూడు నెలలైంది.

"ఇవాళ ఉడుతా అమ్మా?"

"అవునండీ."

"గూట్లో పిల్లలున్నాయి దానికి."

"అయితే నన్నేం చేయమంటారు? పిల్లి వేటాడక పురాణం చదువుతుందా?"

"తెల్లారేసరికి దాని కడుపు నింపండి. ఎండెక్కేదాకా బయటికి వదలకండి. సాయంత్రం ఓ దారం ముక్కతో ఆడించండి. వేట తగ్గుతుంది."

"మా పిల్లిని ఎలా పెంచుకోవాలో మీరు నేర్పాలా?"

ఆయన ఏదో అనబోయి ఆగాడు. "లేదులేమ్మా," అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

టైలరమ్మ ఆయనకు ఉడుతల వకీలు అని పేరు పెట్టింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించింది.

వకీలు మాత్రం వాదన మానలేదు. ఒకరోజు ఎర్రటి గుడ్డపట్టీ తెచ్చాడు.

"ఇది మెడకు కడితే పిట్టలకు దూరంనుంచే కనిపిస్తుందమ్మా. ఎగిరిపోతాయి."

"మీరే కట్టుకోండి," అని తలుపేసుకుంది.

ఆ సాయంత్రమే ఇద్దరికీ అద్దెకిచ్చిన ఇంటావిడ దగ్గరికి వెళ్ళింది.

"పిన్నిగారూ, ఆయన పోరు పడలేకపోతున్నాను. ఆయనుండాలో మేముండాలో తేల్చండి."

ఎనిమిదేళ్ళుగా ఉంటున్న టైలరమ్మను ఇంటావిడ వదులుకోలేకపోయింది. నెలాఖరుకు గది ఖాళీ చేయమని పెద్దాయనకు చెప్పింది. ఆయన ఎందుకని కూడా అడగలేదు.

నెలాఖరు ఇంకో నాలుగు రోజులుందనగా దొరసాని కనిపించకుండా పోయింది.

ఒక రోజు చూశారు. రెండో రోజు వీధి వీధీ తిరిగారు. పాప పళ్ళెం ముందు కూర్చుంది, ముద్ద ముట్టలేదు. పిలిస్తే పలకలేదు.

మూడో రోజు టైలరమ్మ ఒక్క ఉదుటున మేడెక్కింది.

"దాన్ని ఏం చేశారు?"

"దేన్నమ్మా?"

"ఏమీ ఎరగనట్టు అడక్కండి. మీ ఉడుతల కోసం దాన్ని ఎక్కడో వదిలేసి వచ్చారు. నా బిడ్డకు మళ్ళీ మాట పడిపోయింది, తెలుసా?"

పెద్దాయన చేతిలోని గడియారం బల్ల మీద పెట్టేశాడు.

"ఎప్పట్నుంచి కనబడట్లేదు?"

"మొన్న పొద్దుట్నుంచి."

"నాకొక్క మాట చెప్పకపోయావా తల్లీ," అంటూ చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగిపోయాడు.

ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుంది టైలరమ్మ.

మర్నాడు మధ్యాహ్నం పశువుల ఆస్పత్రినుంచి ఫోను.

"మీ పిల్లి మా దగ్గరుంది. గండం గడిచింది. వచ్చి తీసుకెళ్ళండి."

వెళ్ళేసరికి దొరసాని కాలికి సెలైన్ పెట్టిన కట్టుతో బోనులో పడుకుని ఉంది. పాప ఊచల్లోంచి వేలు పెట్టింది. అది తలెత్తి ఆ వేలిని నాకింది.

"ఎక్కడికి పోయావే? అన్నం కూడా తినలేదు నేను. నీ మీద కోపంగా ఉంది. ఇంటికి పద, చెప్తా నీ పని." పాప ఆపకుండా మాట్లాడుతూనే ఉంది.

టైలరమ్మ గోడకు చేరబడిపోయింది. మూడు రోజుల బరువు ఒక్కసారిగా దిగి, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మందు తిన్న ఎలుకను పట్టి తినేసింది," అన్నాడు డాక్టరు. "బేకరీ వెనక డబ్బాల సందులో పడి ఉందట. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదు. పాపం, ఆ పెద్దాయన నిన్నట్నుంచి దీని పక్కనుంచి లేవలేదు."

"ఏ పెద్దాయన?"

"గడియారాలాయన. మీ నంబరు ఇచ్చింది ఆయనే."

టైలరమ్మ చుట్టూ చూసింది.

"ఎక్కడున్నారండీ?"

"ఇది కళ్ళు తెరిచి పాలు తాగాక బయల్దేరారు. ఊరు మారుతున్నారట కదా. సామాను ఎవరిచేతో పొద్దున్నే పంపించేశారట. ఈపాటికి బస్సు కదిలే ఉంటుంది."

"ఆయనకు మా దొరసాని అంటే గిట్టదనుకున్నాను," అంది టైలరమ్మ. "అనకూడని మాటలన్నీ అన్నాను."

డాక్టరు సొరుగులోంచి ఒక పాత కార్డు తీశాడు.

"ఇది దాచుకోండి. వేసిన టీకాలన్నీ ఇందులో ఉన్నాయి."

"టీకాలా? మేమెప్పుడూ దీన్ని ఇక్కడికి తీసుకురాలేదే."

డాక్టరు కార్డు తెరిచి ఆమె చేతికిచ్చాడు.

అరచేతిలో ఇమిడే కూనగా ఉన్నప్పటి దొరసాని ఫోటో పక్కన, యజమాని అన్నచోట, ఆరేళ్ళనాటి సిరాతో ఉన్న పెద్దాయన పేరు కొట్టేసి, దాని కింద ఆయన చేతిరాతతోనే కొత్తగా పాప పేరు రాసి ఉంది.