తల దగ్గర ఆడబిడ్డ

నాకు నొప్పులు వస్తుండగానే నా పెనిమిటి దశరథాన్ని పట్టుకుపోవడానికి నైజాం పోలీసులు వచ్చారు. ముహూర్తం బాగా చూసుకున్నారు.

"ఏడి మీ సంఘపోడు?" జమాదారు పురిటి గదిలోకి తొంగి చూశాడు.

"రా జమాదార్ సాబ్, జర లోపట తొక్కు. మైల నీ ఇంటిదాంక వస్తది," అంది మంత్రసాని నర్సింగమ్మ.

వాడు గడప దగ్గరే ఆగిపోయాడు. ఎంత శుచి గల మనిషో!

నా తల దగ్గర ముసుగు వేసుకుని ఆడబిడ్డ కూర్చుంది. గొప్ప సాయం! నొప్పులు నావి, వణుకు ఆమెది. నా చెయ్యి పట్టుకుని నాకన్నా ఎక్కువ ఏడ్చింది.

"గా ఏడ్చేదెవరు?"

"దీని ఆడబిడ్డ సాబ్. ఉత్త పిరికిది."

ఇంతలో బిడ్డ కేరుమంది.

"ఆడపిల్ల," అని నర్సింగమ్మ అరిచింది.

జమాదారు మొహం చిట్లించుకుని బలగాన్ని తోలుకుపోయాడు.

నర్సింగమ్మ బిడ్డకు నీళ్లు పోసి, గుడ్డలో చుట్టింది. "వాళ్లు ఊరు దాటిండ్రు. ఇగ ముసుగు తియ్యి దశరథం, నీ బిడ్డను ఎత్తుకో."

చీరలో ఉన్న మా ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "జారిపడతదేమో అవ్వా. నాకు భయమైతాంది."

ఈయనకు భయపడే మా దొర గడీ చుట్టూ కాపలా పెట్టించుకున్నాడు.