వెచ్చని పక్క

రెండు రోజుల ప్రయాణం, మూడు విమానాలు. తీరా వచ్చిపడితే కంపెనీ నాకిచ్చింది సగం మంచం. రాత్రంతా దానిమీద పగటి డ్యూటీవాడు, పగలంతా నేను. వాళ్ల బస్సు వెళ్లాకే మా బస్సు వచ్చేది.

మనిషిని ఎన్నడూ చూడలేదు గానీ, పక్క మాత్రం ఇంకా వెచ్చగానే ఉండేది. దిండంతా తలనూనె వాసన. "డబ్బాడు నూనె ఒకేసారి పట్టిస్తాడు కాబోలు, వెధవ!" అని ఆర్నెల్లూ తిట్టుకుంటూనే నిద్రపోయాను.

ఇవాళ పొద్దున పక్క చల్లగా ఉంది.

మేస్త్రీ నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. "నిన్న పైఅంతస్తు నుంచి పడ్డాడు, ప్రాణం దక్కలేదు. నీ మంచంవాడే కదా, చూసి చెప్పు," అన్నాడు.

ముఖం చూస్తే తెలియలేదు. తల దగ్గరికి వంగి, గట్టిగా ఊపిరి పీల్చాను.

"మావాడేనండీ," అన్నాను.