సుల్తాను గిన్నె

వేషం కట్టి చేసిన మంచిపని అల్లా దగ్గర లెక్కకొస్తుందా? ఏళ్ళ తరబడి ఇషాక్‌ను ఈ సందేహం వదలడం లేదు.

"మళ్ళీ అదే ఆలోచనా?" అతని తలపాగా సర్దుతూ అడిగింది భార్య ఫహ్మీదా. "ఇవాళ ఒక్కపూటే సుల్తానండీ మీరు. రేపు మళ్ళీ మందుల షాపే."

"వేషం ఉత్తదేలే. నీళ్ళు నిజమైనవే కదా!"

ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊరి శివార్లలో ఏటా ఎండాకాలం, జెరూసలేం కోసం క్రైస్తవ రాజులు సుల్తానులతో చేసిన యుద్ధాన్ని నాటకంగా ఆడతారు. చివర్లో, పట్టుబడిన రాజుకు సుల్తాను రాగి గిన్నెతో నీళ్ళు తాగించాలి. తన నీళ్ళు తాగిన బందీని చంపకూడదన్నది ఆనాటి మర్యాద.

నాటకం నడిపించే సాయితేజ డేరాలోకి తొంగిచూశాడు. యూనివర్సిటీలో పనిచేసే కుర్రాడు.

"అంకుల్, రెడీనా? రాజుని కూర్చోబెట్టేశాం."

రాజుకు తలనుంచి కాళ్ళదాకా ఇనుమే. ఇషాక్ బిస్మిల్లా అనుకుని, ముఖం మీది ఇనుపజాలి దగ్గర గిన్నె వంచాడు. ఎప్పటిలాగే ఒక్క చుక్క కింద పడలేదు. పాపం, ఎంత దాహమో! ఖాళీ గిన్నె రాజు ఒళ్ళో పెట్టి వేదిక దిగిపోయాడు.

"మీ రాజుగారు భోజనానికి రాడు, ఫొటోకి రాడు. ఏం పొగరండీ!" అంది ఫహ్మీదా.

"ఓడిపోయాడు కదే, మొహం చెల్లక!" నవ్వాడు ఇషాక్. ఆమెను సర్దుళ్ళకు వదిలి, షాపు చూసుకోవాలని ముందే బయల్దేరాడు.

దారిలో కంగారూ అడ్డంగా దూకింది. కారు పల్లంలోకి దొర్లింది. కాళ్ళు ఇరుక్కున్నాయి. ఫోను చేతికందలేదు. పొద్దు వాలుతున్నా ఎండ చావలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. ఇషాక్ కలిమా చదువుకుని కళ్ళు మూశాడు.

పెదాలకు చల్లగా రాగి తగిలింది. గిన్నె పట్టుకున్నది ఇనుప చెయ్యి. కడుపునిండా తాగాడు.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి పక్కనే గిన్నె ఉంది.

"మిమ్మల్ని బయటికి తీసినప్పుడు మీ చేతిలోనే తడిగా ఉందట," కళ్ళు తుడుచుకుంది ఫహ్మీదా. "ఆ నీళ్ళే లేకపోతే దక్కేవారు కాదన్నాడు డాక్టరు."

"దీన్ని రాజు ఒళ్ళో పెట్టి వచ్చానే! అయితే ఆయనే నా వెనక వచ్చాడు. సాయితేజకు ఫోన్ కలుపు."

కలిపింది.

"సాయితేజా, రాజు వేషం వేసే ఆయన పేరేంటయ్యా? ఇన్నేళ్ళ బాకీ తీర్చేశాడు."

"బాకీ ఏంటంకుల్?"

"గిన్నెడు నీళ్ళు."



"అంకుల్... ఆ హీట్‌లో అంత బరువు వేసుకోడానికి ఎవరూ ఒప్పుకోరు. నాటకం మొదలైన ఏడాది నుంచీ అంతే."

"మరి కుర్చీలో ఉండేది?"

"ఖాళీ కవచం, అంకుల్."