పెద్దమ్మ నీళ్ల బండి

నీళ్లు తోడే బండిని పట్టపగలే లేపెయ్యాలని పిల్లి నిశ్చయించుకున్నాడు. అడుగుల చప్పుడు వినపడదని వాడికా పేరు.

వరద తగ్గింది గానీ, చుట్టపుచూపుగా వచ్చిన నీళ్లు మాత్రం ఇళ్లలో తిష్ట వేశాయి. వెల్డింగు షాపు పెద్దమ్మ ఊరుకునే మనిషా? పాత స్కూటరు ఇంజనుకి లావుపాటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, లోపల ఇనుపరేకు కత్తిరించి రెక్కలు పెట్టి, మొత్తాన్ని సైకిలు చక్రాల బండి మీద కూర్చోబెట్టింది. చూడ్డానికి అతుకుల బొంతే. నీళ్లని మాత్రం గటగటా తాగి కాలవలోకి కక్కేది.

దానికి గొలుసు లేదు, తాళం లేదు. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ వెంటపడి పట్టుకునేదీ లేదు. వీధి మలుపు తిరిగితే పాత ఇనుము కొట్టు. పిల్లికి ఇంకేం కావాలి?

అందరూ కునుకు తీసే వేళ చూసి బండిని మెల్లగా తోశాడు. కాస్త దూరం పోయాడో లేదో, దర్జీ భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరబ్బాయ్ నువ్వు? పెద్దమ్మ బండి తోసుకుపోతున్నావు?"

పిల్లి చప్పున పళ్లికిలించాడు. "పెద్దమ్మే తోడమందక్కా, ఇళ్లలో నీళ్లు."

"అయితే ఇటు రా నాయనా. మా మంచం పడవై కూర్చుంది."

కాదంటే దొంగతనం బయటపడుతుంది. వాడు గొట్టం లోపలికి ఈడ్చి, ఇంజనుని తన్ని తన్ని స్టార్టు చేశాడు. ముందుగదిలో గచ్చు కనపడేసరికి పక్కింటి మేస్త్రి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అక్కణ్ణించి నర్సు. ఆ తరవాత ఇస్త్రీ అతను తన ఇల్లు చాలదన్నట్టు బావమరిది ఇంటికి కూడా లాక్కెళ్లాడు. బండి కదిలితే ముందు ఒకరు అడ్డం, వెనక ఒకరు పట్టు. మంచినీళ్లిచ్చారు, బంగారు కొండవన్నారు, అదే చేత్తో బురద కూడా ఎత్తించారు. పుట్టి బుద్ధెరిగాక ఒళ్లు వంచని పిల్లికి నడుం పడిపోయింది.

పొద్దు వాలింది. మలుపు ఇంకొక్క గుమ్మం దూరంలో ఉందనగా, కుంటుకుంటూ పెద్దమ్మ వస్తూ కనపడింది. వాడు బండి వదిలేసి ఖాళీ డ్రమ్ముల చాటుకి దూకాడు. ఇక కేకలు మొదలవుతాయి, వీధి వీధంతా తన వీపు మీదే ఉంటుందని ముడుచుకు కూర్చున్నాడు.

పెద్దమ్మ కేక వెయ్యలేదు. కొంగుతో ఇంజను మీది బురద తుడిచి, అందరివీ అయ్యాయా అని తన వెంటే వచ్చిన దర్జీ భార్యని అడిగింది.

"మా వంటగది మిగిలిపోయింది పెద్దమ్మా," అంది ఆవిడ. "పోనీలెండి, రేపు వచ్చే దొంగ చేత ముందు అదే తోడిస్తాను."