మెడ మీద దువ్వెన

పద్మజ దువ్వెన తన మెడ మీదికి రాగానే పొడుగు బొచ్చు కుక్క ఆమె చెయ్యి కరిచి పట్టుకుంది. పళ్లు ఎముక దాకా దిగాయి.

భర్త శేషగిరి చేపల చెరువులో పడవ నడిపే తెడ్డు అందుకుని దాని నడుం మీద వేశాడు. వదల్లేదు. తల మీద వేశాడు. వదిలింది. వదిలాక కూడా, తెడ్డు విరిగేదాకా కొట్టాడు.

“ఆపండి, చచ్చిపోయింది,” అంది పద్మజ, చేతికి కొంగు చుట్టుకుంటూ.

“అన్నం పెట్టిన చేతినే కరుస్తుందా? దీని తోడబుట్టింది ఏనాడైనా పళ్లు చూపించిందా?”

ఆ తోడబుట్టిన పొట్టి బొచ్చుది మంచం కింద వణుకుతోంది.

పామర్రు ఎండలకి ఈ చలిదేశపు గొర్రెల కాపలా కుక్కలేంటని ఊరంతా నవ్వినా, పద్మజ రెండింటినీ రోజూ దువ్వేది. పొడుగు బొచ్చుది మెడ దగ్గర మూలిగితే అక్కడ దువ్వకుండా వదిలేసేది. ఇవాళ పట్టుబట్టింది.

పాతిపెట్టే ముందు దాని మెడ బెల్టు విప్పబోతే, బకిల్ జడలు కట్టిన బొచ్చులో ఇరుక్కుంది. శేషగిరి కత్తెరతో బొచ్చు కత్తిరించాడు. కింద చీము. ఆ చీములో, మాంసంలోకి దిగిపోయిన నల్లతాడు.

కూనలుగా తెచ్చిన రోజే దిష్టి తగలకుండా రెండింటికీ పద్మజ కట్టిన తాడు. పొట్టి బొచ్చుదానికి పెరిగేకొద్దీ బిగుసుకోవడం కనిపించి, తనే కోసేసింది.

శేషగిరి ఆమె వంక చూశాడు.

“దీనిది ఎక్కడో తెగి పడిపోయిందనుకున్నానండీ,” అంది.